వాల్టర్ టల్: హాస్టల్ పిల్లవాడు, ఫుట్‌బాల్ ఆటగాడు, సైనికాధికారి

ఈ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం రాయమని సంఘం పెద్దలు అడిగారు. కొమురం భీం గురించి, బిర్సా ముండా గురించి, గాం గంటం దొర, మల్లు దొర అన్నదమ్ముల గురించి నాకన్నా బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకని మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒకాయన్ని ఎంచుకున్నాను. ఆయన మన దేశం వాడు కాదు, గిరిజనుడూ కాదు. కానీ తొమ్మిదేళ్ళ వయసులో ఇల్లు వదిలి హాస్టల్‌కు వచ్చిన పిల్లవాడు. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల్ని హాస్టల్లో చేర్చుకుంటూ వస్తున్న నాకు ఆయన కథ చదివిన రోజు నిద్ర పట్టలేదు.

ఆయన పేరు వాల్టర్ టల్. 1888 ఏప్రిల్ 28న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఫోక్‌స్టోన్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి డేనియల్ టల్ వడ్రంగి. ఆయనది వెస్టిండీస్ దీవుల్లోని బార్బడోస్. అవును, మనకు క్రికెట్ వల్ల తెలిసిన బార్బడోసే. ఆ దీవిలో చెరకు తోటలు, ఆ తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. డేనియల్ తండ్రి బానిసగా పుట్టినవాడే. 1830లలో చట్టం మారి బానిసత్వం పోయింది కానీ పేదరికం పోలేదు. డేనియల్ పని వెతుక్కుంటూ ఓడెక్కి ఇంగ్లండ్ చేరి, అక్కడే ఆలిస్ పామర్ అనే తెల్ల అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఇల్లు నిండా పిల్లలు. ఉలి, బాడిసెలతో తండ్రి తెచ్చే కూలి, ఆదివారం చర్చి, పక్కనే సముద్రం. అంత గొప్ప బతుకు కాకపోయినా ఇల్లు ఇల్లుగానే ఉండేది.

1895లో తల్లి కేన్సర్‌తో చనిపోయింది. వాల్టర్‌కు ఏడేళ్ళు. పిల్లల్ని చూసుకోవడానికి డేనియల్ మరుసటి ఏడు క్లారాను పెళ్ళాడాడు. ఆమె ఆలిస్‌కు దగ్గరి బంధువు, పిల్లలకు వరసకు పిన్ని. ఆమెకూ ఒక ఆడపిల్ల పుట్టింది. 1897లో డేనియల్ గుండె జబ్బుతో పోయాడు. ఇప్పుడా ఇంట్లో సంపాదించేవాళ్ళు లేరు, తినే నోళ్ళు మాత్రం మిగిలాయి. క్లారా ఏం చేస్తుంది? సవతి పిల్లలని వదిలేసింది అనుకోకండి. ఆడపిల్లల్నీ, పెద్దవాణ్ణీ తన దగ్గరే ఉంచుకుంది. పెద్దవాడు పనికి పోగలడు, ఆడపిల్లలు ఇంటి పనికి సాయం. బడికి వెళ్ళే వయసు మగపిల్లలు ఇద్దరు మిగిలారు. వాళ్ళు ఎడ్వర్డ్, వాల్టర్. తాము వెళ్ళే చర్చి పాస్టరు చెప్పిన మాట మీద, 1898 ఫిబ్రవరిలో ఆ ఇద్దర్నీ లండన్‌లోని ఒక అనాథాశ్రమానికి పంపింది.

ఇలాంటి లెక్క వేసి పిల్లల్ని తెచ్చే తల్లుల్ని జూన్ నెలలో నేను ప్రతి ఏడూ చూస్తాను. వాళ్ళు ఏడవరు. సంతకం పెట్టి, ట్రంకు పెట్టె మంచం కింద సర్ది, పిల్ల తల నిమిరి బస్సు టైము అడుగుతారు. క్లారా కూడా అలాంటి మనిషే అయి ఉంటుందని నా ఊహ.

ఆ ఆశ్రమం లండన్ తూర్పు భాగంలో, బెత్నల్ గ్రీన్ అనే పేదల పేటలో, బానర్ రోడ్డులో ఉండేది. మెథడిస్టు చర్చి వాళ్ళది. క్రమశిక్షణ, ప్రార్థన, చదువు, ఏదో ఒక చేతిపని. వాల్టర్‌కు తొమ్మిదేళ్ళు, ఎడ్వర్డ్ అతనికన్నా రెండేళ్ళు పెద్ద. తల్లీ తండ్రీ ఊరూ అన్నీ పోయాక మిగిలింది ఒకరికొకరు. అదీ ఎక్కువ కాలం నిలవలేదు. ఆశ్రమానికి విరాళాలు కూడగట్టడానికి పిల్లల పాటల బృందాన్ని ఊళ్ళు తిప్పేవాళ్ళు. అలా స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకు వెళ్ళినప్పుడు వార్నాక్ అనే కుటుంబం ఎడ్వర్డ్‌ను ఇష్టపడి, 1900లో దత్తత తీసుకుంది. అన్న రైలెక్కి వెళ్ళిపోయాడు. పన్నెండేళ్ళ తమ్ముడు ఆశ్రమంలోనే ఉండిపోయాడు.

మన దగ్గర కూడా అక్కది ఒక హాస్టల్, తమ్ముడిది ఇంకో హాస్టల్. పండగ సెలవులకు ఇంటికి పోయినప్పుడే కలుస్తారు. ఇక్కడ మాత్రం ఇద్దరికీ పోవడానికి ఇల్లే లేదు. అయినా ఆ అన్నదమ్ములు ఒకరినొకరు వదులుకోలేదు. పెద్దయ్యాక వాల్టర్ వీలైనప్పుడల్లా గ్లాస్గో వెళ్ళి అన్నను చూసి వచ్చేవాడు. ఎడ్వర్డ్ చదువుకుని 1912లో పళ్ళ డాక్టరయ్యాడు. బ్రిటన్‌లో తొలి నల్లజాతి దంతవైద్యుడు ఆయనే అని చెబుతారు. ఆయన కథ రాస్తే ఇంకో వ్యాసం అవుతుంది.

వాల్టర్‌కు ఆశ్రమంలో రెండు అబ్బాయి. ఒకటి ముద్రణ పని. అచ్చు అక్షరాలు పేర్చడం, ప్రెస్సు నడపడం నేర్పించారు. బతకడానికి ఒక వృత్తి ఉండాలి కదా. రెండోది ఫుట్‌బాల్. ఆశ్రమం జట్టులో ఆడుతూ ఆడుతూ పేరు తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ళ వయసులో, 1908లో, క్లాప్టన్ అనే లండన్ అమెచ్యూర్ క్లబ్బు పిలిచి పరీక్షించి జట్టులోకి తీసుకుంది. అమెచ్యూర్ అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్ళు. ఆ ఒక్క సీజన్‌లోనే క్లాప్టన్ ఎఫ్.ఏ. అమెచ్యూర్ కప్పుతో పాటు లండన్‌లోని మరో రెండు కప్పులూ గెలిచింది. ఆ ఏడాది దొరికిన కొత్త ఆటగాళ్ళలో వాల్టరే మేలైనవాడని అప్పటి ఆటల పత్రిక ఒకటి రాసింది.

పెద్ద క్లబ్బుల కన్ను పడడానికి అది చాలు. 1909లో టోటెన్‌హామ్ హాట్‌స్పర్ ఆయనతో ఒప్పందం చేసుకుంది. ఇప్పుడు మన పిల్లలు ఫోన్లలో స్పర్స్ అని చూస్తారే, ఆ క్లబ్బే. అప్పుడే అది రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు ఎక్కింది. సంతకం పెట్టినందుకు 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్లు. ఆ రోజుల్లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వకూడదని నియమం ఉండేది. అంటే అనాథాశ్రమం కుర్రాడికి ఆ రోజుల పైస్థాయి జీతం దక్కిందన్నమాట. ఆ వేసవిలో జట్టుతో పాటు ఓడెక్కి దక్షిణ అమెరికాకు, అర్జెంటీనా, ఉరుగ్వే దేశాలకు పర్యటనకు కూడా వెళ్ళాడు.

అప్పటికి ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని ఆడే నల్లజాతి ఆటగాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాల్టర్ కన్నా ముందు ఆర్థర్ వార్టన్ అనే గోల్‌కీపర్ ఉన్నాడు. ఆయన ఇప్పటి ఘానాలో పుట్టినవాడు. మొదటి డివిజన్‌లో ఫార్వర్డ్ స్థానంలో అందరి కళ్ళూ పడేచోట ఆడే నల్లవాడు అంటే చూసేవాళ్ళకు కొత్త. 1909 సెప్టెంబరులో సండర్లాండ్ మీద మొదటి ఆట ఆడాడు. ఆ తర్వాత సొంత మైదానంలో మాంచెస్టర్ యునైటెడ్ మీద. ఆ ఏడాది ఎఫ్.ఏ. కప్పు గెలిచినవాళ్ళు వాళ్ళే. 30 వేలకు పైగా జనం చూస్తుండగా ఆట 2–2తో ముగిసింది. ఆయన ఆటకు తొందర ఉండదని, బంతిని నెమ్మదిగా, ఆలోచించి ఇచ్చేవాడని పత్రికలు మెచ్చుకున్నాయి.

తర్వాత బ్రిస్టల్. 1909 అక్టోబరులో టోటెన్‌హామ్ అక్కడికి ఆడడానికి వెళ్ళింది. జనంలో ఒక గుంపు ఆట మొదలైన దగ్గర్నుంచీ వాల్టర్ రంగును పట్టుకుని తిట్టడం మొదలుపెట్టింది. ఎంత నీచంగా తిట్టారంటే, ఆట గురించి రాయడానికి వచ్చిన విలేకరి ఆ తిట్లనే ముఖ్య వార్తగా రాశాడు. తిట్టినవాళ్ళ కన్నా, ఆ రోజు మైదానంలో ఉన్న వాళ్ళందరి కన్నా వాల్టరే పెద్దమనిషిలా నడుచుకున్నాడని, ఆటలో కూడా తన జట్టు ఫార్వర్డ్‌లలో ఆయనే మెరుగని ఆ విలేకరి రాశాడు. నూరేళ్ళ కిందటి ఆ వార్త వల్లే ఈ సంగతి మనకు తెలిసింది.

ఇక్కడ కొంచెం ఆగుతాను. కొన్నేళ్ళ కిందట ఆటల పోటీలకు మా పిల్లల్ని తీసుకుని ఒక పట్నం వెళ్ళాను. కబడ్డీలో మా అమ్మాయి కూతకు వెళ్ళిన ప్రతిసారీ గ్యాలరీ నుంచి అడవి జంతువుల పేర్లు పెట్టి అరిచారు. అమ్మాయి ఆట పూర్తి చేసింది, గెలిచింది కూడా. కానీ తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి ఏడు జట్టులో పేరు రాయవద్దంది. నేను ఎంత నచ్చజెప్పినా వినలేదు. ఆ రోజు లేచి నిలబడి నిర్వాహకులను అడగకుండా పిల్లల్ని త్వరగా బస్సెక్కించడమే మేలనుకున్నాను. అలా చేయకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

వాల్టర్ విషయంలో కూడా ఎవరూ లేచి నిలబడలేదు. కొద్ది రోజులకే ఆయన్ను మొదటి జట్టు నుంచి తప్పించి రిజర్వు జట్టులోకి పంపారు. ఆట తగ్గిందందామా అంటే, పత్రికలు మెచ్చుకుంటూనే ఉన్నాయి. తిట్టిన గుంపును బయటికి పంపడం కష్టం, తిట్లు తిన్నవాణ్ణి పక్కన పెట్టడం తేలిక. ఇది నా అభిప్రాయం. రెండేళ్ళలో టోటెన్‌హామ్ మొదటి జట్టు తరఫున ఆయన ఆడిన లీగ్ ఆటలు పదే. కొట్టిన గోల్స్ రెండు.

1911 అక్టోబరులో నార్తాంప్టన్ టౌన్ ఆయన్ను కొనుక్కుంది. ఆ క్లబ్బు చిన్నది, సదరన్ లీగ్‌లో ఆడేది. కానీ దాని మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్. తర్వాతి కాలంలో హడర్స్‌ఫీల్డ్‌నూ ఆర్సెనల్‌నూ ఇంగ్లండ్‌లోకెల్లా పెద్ద జట్లుగా మలిచింది ఈయనే. చాప్‌మన్‌కు మనిషి రంగుతో పని లేదు, కాలితో పని. వాల్టర్‌ను ఫార్వర్డ్ నుంచి వెనక్కి తెచ్చి హాఫ్‌బ్యాక్‌గా ఆడించాడు. ముందుకు పరిగెత్తి గోలు కొట్టే పని కన్నా, మధ్యలో నిలబడి ఆటను చదివి బంతి పంచే పని వాల్టర్ స్వభావానికి సరిగ్గా సరిపోయింది. ఆ క్లబ్బుకు 111 ఆటలు ఆడాడు. పెద్ద క్లబ్బు నుంచి చిన్న క్లబ్బుకు రావడం దిగజారడం అనుకుంటాం గానీ, ఆయన ఫుట్‌బాల్ జీవితంలో మంచి రోజులు ఇక్కడివే.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. కుర్రవాళ్ళు యుద్ధంలో చస్తుంటే మీరు బంతి తంతున్నారా అని ఆటగాళ్ళ మీద విమర్శలు వచ్చాయి. ఆ డిసెంబరులో ఆటగాళ్ళతోనే ప్రత్యేకంగా ఒక దళం ఏర్పాటు చేశారు. మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్. దాన్ని ఫుట్‌బాల్ బెటాలియన్ అనేవాళ్ళు. డిసెంబరు 21న వాల్టర్ అందులో చేరాడు. నార్తాంప్టన్ జట్టు నుంచి మొదట చేరింది ఆయనే.

అనాథాశ్రమంలో పెరిగినవాడికి బారక్‌ల బతుకు కొత్త కాదు. గంట కొడితే లేవడం, వరసలో నిలబడడం, పెట్టింది తినడం అలవాటే. శిక్షణలోనే పై అధికారుల దృష్టిలో పడి సార్జెంట్ స్థాయికి చేరాడు. 1915 నవంబరులో దళం ఫ్రాన్స్ చేరింది. అక్కడ యుద్ధమంటే కందకాలు. మోకాళ్ళ లోతు బురద, ఎలుకలు, రాత్రీ పగలూ మీద పడే ఫిరంగి గుండ్లు. 1916 మేలో ఆయన్ను షెల్ షాక్ అని ఆసుపత్రికి పంపారు. గుండ్ల మోత, పక్కనున్నవాళ్ళ చావు చూసి చూసి మనసు ఒరిగిపోవడాన్ని అప్పట్లో అలా అనేవాళ్ళు. చాలామంది దాన్ని పిరికితనం కింద జమకట్టిన కాలం అది. వాల్టర్ కోలుకుని ఆ సెప్టెంబరులో మళ్ళీ ఫ్రాన్స్ వెళ్ళాడు. లక్షలమందిని మింగిన సోమ్ యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ చలికాలంలో కందక జ్వరం పట్టుకుంటే మళ్ళీ ఇంగ్లండ్ పంపారు.

ఆ దశలో పై అధికారులు ఆయన్ను అధికారి శిక్షణకు సిఫారసు చేశారు. ఇది మామూలు విషయం కాదు. 1914 నాటి బ్రిటిష్ సైనిక చట్టాల పుస్తకంలో నల్లవాళ్ళు, రంగు ఉన్నవాళ్ళు అధికారులుగా సైనికుల మీద ఆజ్ఞ చెలాయించడానికి వీల్లేదని రాసి ఉంది. పదవి ఇస్తే గౌరవం కోసం మాత్రమే ఇవ్వాలి. తెల్ల సైనికుడు నల్లవాడి మాట వినడన్నది వాళ్ళ నమ్మకం. మన దేశం నుంచి ఆ యుద్ధానికి పది లక్షలమందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. మనవాళ్ళు ఎంత సాహసం చేసినా సుబేదార్ మేజర్ దగ్గరే ఆగాలి. నిన్నగాక మొన్న వచ్చిన తెల్ల కుర్ర అధికారికైనా సెల్యూట్ కొట్టాలి. ఆ కాలంలోనే, అంటే 1911లో, మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఎరుకల ఇళ్ళలో బిడ్డ పుట్టగానే దొంగ అని రాసుకున్న చట్టం అది. స్టూవర్టుపురం పెద్దలను అడిగితే ఆ కథలు చెబుతారు. పుట్టుకను బట్టి మనిషి ఏం చేయగలడో ముందే పుస్తకంలో రాసిపెట్టడం ఆ పాలకులకు అలవాటు.

అయినా వాల్టర్‌ను పంపారు. యుద్ధంలో అధికారులు ఎక్కువమంది చచ్చిపోతున్నారు, కొత్తవాళ్ళు కావాలి. అదొక కారణం. ఆయన్ను కళ్ళారా చూసినవాళ్ళు పుస్తకాన్ని పక్కన పెట్టారు. అది ఇంకో కారణం. స్కాట్లాండ్‌లోని గేల్స్ శిబిరంలో శిక్షణ పూర్తి చేసి 1917 మే 30న సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. బ్రిటిష్ సైన్యంలో మొదటి నల్లజాతి అధికారి అని చాలాచోట్ల రాస్తారు. అది పూర్తిగా నిజం కాదు. జార్జ్ బెమాండ్ అనే ఆయనకు 1915లోనే అధికారి హోదా వచ్చింది. మనం మాత్రం తొలి కొద్దిమందిలో ఒకరు అందాం. అబద్ధం కలపకపోయినా ఆయన గొప్పతనం తగ్గదు.

ఆ ఏడాది చివర ఆయన దళం ఇటలీ వెళ్ళింది. ఇప్పుడాయన 23వ బెటాలియన్‌లో ఉన్నాడు. అది కూడా ఫుట్‌బాల్ బెటాలియనే. అక్కడ పియావె అనే నది. ఈవలి ఒడ్డున వీళ్ళు, ఆవలి ఒడ్డున శత్రువులు. 1918 జనవరి ఒకటో తేదీ రాత్రి 26 మందిని వెంటబెట్టుకుని ఆ నది దాటమని వాల్టర్‌కు ఆజ్ఞ. ఎముకలు కొరికే చలి, నీటి వడి ఎక్కువ. చీకట్లో దాటి, దాడి చేసి, గుండ్ల మధ్య నుంచి తిరిగి దాటి వచ్చారు. 26 మందీ తిరిగొచ్చారు. ఒక్కరికి కూడా గాయం కాలేదు. ఆయన ధైర్యాన్ని, తొణకని తనాన్ని మెచ్చుకుంటూ మేజర్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ అధికారిక పత్రంలో పేరు పెట్టి రాశాడు.

తెల్ల సైనికుడు నల్లవాడి మాట వినడన్న నమ్మకం ఏమైందో ఆ 26 మందిని అడిగితే చెప్పేవాళ్ళు.

మార్చిలో దళాన్ని మళ్ళీ ఫ్రాన్స్ తరలించారు. 21వ తేదీన జర్మన్లు తమ ఆఖరి పెద్ద దాడి మొదలుపెట్టారు. బ్రిటిష్ వాళ్ళు రోజురోజుకీ వెనక్కి జరుగుతున్నారు. 25న బపోమ్ పట్టణం దగ్గర ఫావ్రెయ్ అనే ఊరి పక్కన, తన మనుషుల్ని వెనక్కి తీసుకొచ్చే పోరులో వాల్టర్‌కు తూటా తగిలింది. లెస్టర్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడిన టామ్ బిల్లింగ్‌హామ్ మామూలు సిపాయిగా అదే దళంలో ఉన్నాడు. ముంచుకొస్తున్న శత్రువుల ఎదుట ఆయన వాల్టర్‌ను మోసుకొచ్చే ప్రయత్నం చేశాడు. కొంత దూరం తెచ్చి, ఇక చేతగాక వదిలేయాల్సి వచ్చింది. ఆ దేహం తర్వాత ఎప్పుడూ దొరకలేదు. మరో నెల బతికి ఉంటే వాల్టర్‌కు ముప్పై ఏళ్ళు నిండేవి.

ఉత్తరం గ్లాస్గోలో ఎడ్వర్డ్‌కు వచ్చింది. అన్నదమ్ములను ఆశ్రమం విడదీసి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. వాల్టర్‌ను దళమంతా ప్రేమించేదని, మిలిటరీ క్రాస్ పతకానికి ఆయన పేరు సిఫారసు చేశారని సాటి అధికారి పికార్డ్ రాశాడు. ఆ పతకం రాలేదు. సిఫారసు కాగితం సైనిక రికార్డుల్లో లేదని తర్వాత అన్నారు. నల్లవాడికి మిలిటరీ క్రాస్ ఇస్తే అతన్ని అధికారిని చేసి నియమం తప్పామని ఒప్పుకున్నట్లవుతుందనే ఇవ్వలేదని ఆయన జీవితాన్ని పరిశోధించిన కొందరి వాదన. పతకం ఇప్పటికైనా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో ఎంపీలు, బడిపిల్లలు అర్జీలు పెట్టారు. ఇంతకాలం తర్వాత పాత యుద్ధాలకు పతకాలు ఇచ్చే పద్ధతి లేదన్నదే జవాబు.

ఎడ్వర్డ్ బతికినంతకాలం తమ్ముడి పతకాలూ కాగితాలూ జాగ్రత్త చేశాడు. కుటుంబం వాటిని దాచింది కాబట్టే ఫిల్ వాసిలి వంటి రచయితలు ఈ జీవితాన్ని వెలికి తీయగలిగారు. లేకపోతే డెబ్భై ఎనభై ఏళ్ళు ఆయన పేరు ఎవరికీ పట్టలేదు. మీ ఇళ్ళలో తాతల నాటి పట్టాలు, ఫొటోలు, ఉత్తరాలు ఉంటే చెదలు పట్టకుండా చూడండి. 1999లో నార్తాంప్టన్ మైదానం దగ్గర ఆయనకు స్మారకం కట్టారు. 2014లో బ్రిటన్ ఆయన బొమ్మతో 5 పౌండ్ల నాణెం విడుదల చేసింది.

సమాధి లేదు కాబట్టి ఆయన పేరు ఫ్రాన్స్‌లోని అరాస్ స్మారకం మీద ఉంది. దేహం దొరకని 34 వేలమందికి పైగా సైనికుల పేర్లు ఆ గోడల మీద చెక్కారు. రెజిమెంట్ల వారీగా, హోదాల వారీగా. ఏడో అరలో మిడిల్‌సెక్స్ రెజిమెంటు కింద, సిపాయిల పేర్లకు పైన, సెకండ్ లెఫ్టినెంట్ల వరసలో టల్ అన్న పేరు కనిపిస్తుంది.